తొంభైతొమ్మిది శాతం... దేనిలో?

పుస్తకాలను, సినిమాలను విమర్శించడం మనకు అలవాటే. ఈసారి విమర్శకు తీసుకున్నది ఒక అట్టపెట్టె. దానిమీద ఉన్నవి పది పన్నెండు వాక్యాలే. కానీ వాటిని నమ్మి వేల రూపాయలు ఖర్చుపెట్టేవాళ్లున్నారు. ఊపిరాడని మనిషిని వాటి భరోసాతో గదిలో పడుకోబెట్టేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఆ వాక్యాలను ఒక సైన్సు వ్యాసాన్ని చదివినంత జాగ్రత్తగా చదవాలి.

మా పెదనాన్నగారిది శ్రీకాకుళం జిల్లా. భిలాయి ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, రిటైరయ్యాక అక్కడే స్థిరపడ్డారు. పెద్దమ్మకు ఉబ్బసం. మార్చి వచ్చిందంటే దగ్గు పెరుగుతుంది. ఆ మధ్య నేను వెళ్లినప్పుడు ఆయన నన్ను సుపేలా బజారులో ఒక దుకాణానికి తీసుకెళ్లారు. గాలిని శుభ్రంచేసే యంత్రం పెట్టె ఒకటి చూపించి, "నువ్వు ఎమ్మెస్సీ చదివావు కదా, దీనిమీద రాసింది చదివి కొనొచ్చో లేదో చెప్పు" అన్నారు.

ఆ పెట్టెమీద ఇలా ఉంది: అసలైన హెపా ఫిల్టర్, 99.97 శాతం శుద్ధి. 400 చదరపు అడుగుల గదికి సరిపోతుంది. కార్బన్ పొర వాసనలను, వాయువులను తొలగిస్తుంది. అయాన్లు గాలిని తాజాగా ఉంచుతాయి. కంపెనీ పేరు మనకు అనవసరం. ఇంచుమించు ఇవే మాటలు చాలా పెట్టెలమీద కనిపిస్తాయి.

భిలాయి పొగ ఎక్కడిది?

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో మొదలై, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన ఊరు భిలాయి. పొగగొట్టాలు అక్కడివారికి కొత్త కాదు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమంలో ఛత్తీస్‌గఢ్ నుంచి రాయ్‌పూర్, కోర్బాలతోపాటు భిలాయి కూడా చేరింది.

దీనికితోడు ఎండాకాలంలో అడవి పొగ వస్తుంది. ఆ రాష్ట్రంలో 40 శాతానికి పైగా అడవే. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. పువ్వు తేలిగ్గా కనిపించాలని చెట్టుకింద ఎండుటాకులకు నిప్పు పెడతారు. తునికి పొదలు కొత్త ఆకు వేయాలని కూడా కాల్చడం ఉంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఈ అలవాటు తెలిసిందే. ఆ నిప్పు ఒక్కోసారి చేయి దాటి అడవిలోకి పాకుతుంది, పొగ గాలివాటున ఊళ్లమీదికి వస్తుంది. కాలిఫోర్నియాలోనో కెనడాలోనో మైళ్లకొద్దీ ఎగసే మంటలతో దీనికి పోలిక లేదు. అయినా ఊపిరితిత్తుల్లోకి దిగే కణాల స్వభావం ఒకటే. వాటిలో ఎక్కువభాగం ఒక మైక్రాన్‌కన్నా చిన్నవి. మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు.

99.97 అబద్ధమా?

కాదు. పెట్టెమీద ఉన్నవాటిలో ఇదే అన్నిటికన్నా గట్టి మాట. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా అణుబాంబు పథకంలో రేడియోధార్మిక ధూళిని పట్టడానికి తయారైన ఫిల్టర్ల సంతతి ఈ హెపా. 0.3 మైక్రాన్ల కణాలు పదివేలు దీనిలోంచి పంపితే బయటపడేవి మూడుకు మించకూడదు.

మరి 0.3 కన్నా చిన్నవన్నీ జారిపోతాయా? చాలామంది విద్యార్థులు ఇక్కడే పొరబడతారు. హెపా అనేది జల్లెడ కాదు, చిక్కుపడ్డ సన్నని పోగుల అడవి. పెద్ద కణం గాలితోపాటు మలుపు తిరగలేక పోగుకు కొట్టుకుంటుంది. మరీ చిన్న కణం బ్రౌనియన్ చలనంవల్ల అటూ ఇటూ తూలుతూ వెళ్లి ఏదో ఒక పోగుకు అంటుకుంటుంది. ఈ రెంటికీ మధ్య, 0.3 ప్రాంతంలో ఉన్నవాటిని పట్టడమే కష్టం. అందుకే పరీక్ష అక్కడ పెట్టారు. చిన్నవీ పెద్దవీ అంతకన్నా బాగానే చిక్కుతాయి.

మరి అభ్యంతరం ఏమిటి? ఆ శాతం ఫిల్టర్‌లోంచి పోయిన గాలికే వర్తిస్తుంది. గదిలో ఉన్న గాలికి కాదు. గంటకు ఎంత గాలి ఫిల్టర్‌లోంచి పోతోందో ఆ అంకె చెప్పదు. జల్లెడ ఎంత సన్ననిదైనా రోజుకు గుప్పెడు పిండే జల్లిస్తే ఇంటిల్లిపాదికీ రొట్టెలు రావు కదా!

పెద్ద అక్షరాల్లో లేని అంకె

గంటకు ఎన్ని ఘనమీటర్ల శుభ్రమైన గాలిని యంత్రం అందిస్తుందో చెప్పే కొలత ఒకటుంది. దాన్ని సీఏడీఆర్ అంటారు. మేం చూసిన పెట్టెమీద అది లేదు. దుకాణదారు లోపలి చిన్నపుస్తకం తీసిస్తే చివరి పేజీలో దొరికింది: అత్యధిక వేగంలో గంటకు 204 ఘనమీటర్లు.

శాతంకన్నా ఇదే ముఖ్యమని చెప్పడానికి మంచి ఉదాహరణ 2020లో అమెరికాలో వచ్చింది. రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ అనే ఇద్దరి ఆలోచనతో, నాలుగు మామూలు ఫిల్టర్లను పెట్టెలా అతికించి, పైన ఫ్యాను బిగించి ఇళ్లలోనే యంత్రాలు చేసుకున్నారు. వాటిలో వాడిన మెర్వ్ 13 రకం ఫిల్టరు 0.3 నుంచి 1 మైక్రాన్ కణాల్లో కనీసం సగాన్ని పట్టాలన్నదే ప్రమాణం. హెపాతో పోలిస్తే బొత్తిగా తక్కువ. అయినా ఫిల్టర్ల వైశాల్యం పెద్దది, పోయే గాలి ఎక్కువ. అందువల్ల ఖరీదైన యంత్రాలతో అవి పోటీపడగలిగాయి.

ఇప్పుడు "400 చదరపు అడుగులు" అన్న మాట చూద్దాం. మన ఇళ్లలో కప్పు ఎత్తు పది అడుగులనుకుంటే అది 4,000 ఘనపుటడుగులు, అంటే దాదాపు 113 ఘనమీటర్లు. 204ను 113తో భాగిస్తే 1.8. అంటే యంత్రం గంటకు రెండుసార్లు కూడా గదిగాలిని శుభ్రం చేయలేదు. అమెరికా గృహోపకరణాల తయారీదారుల సంఘం చెప్పే సూత్రం ప్రకారం, అడవి పొగకైతే గది ఎన్ని చదరపు అడుగులో, నిమిషానికి అన్ని ఘనపుటడుగుల సీఏడీఆర్ కావాలి. 204 ఘనమీటర్లను అలా మారిస్తే వచ్చేది 120. కాబట్టి ఈ యంత్రం 120 చదరపు అడుగుల గదికి సరిపోతుంది. అంటే పన్నెండడుగులు పొడవు, పదడుగులు వెడల్పు ఉన్న పడకగదికి. పెట్టెమీద చెప్పినదాంట్లో మూడో వంతు కూడా కాదు.

గది లెక్క

మా పెద్దమ్మ గది సరిగ్గా అంతే. ఘనపరిమాణం 34 ఘనమీటర్లు. 204ను 34తో భాగిస్తే 6. తలుపులు మూసినా సందుల్లోంచి గంటకు ఒకసారి గదినిండా బయటి గాలి వస్తోందనుకుందాం. గోడలకు అంటుకునే కణాలను ప్రస్తుతానికి వదిలేద్దాం. కొంతసేపటికి లోపలి పొగ స్థిరపడుతుంది. అప్పుడది బయటి పొగలో ఎంత ఉంటుందంటే, వచ్చే గాలి మార్పుల సంఖ్యను, ఆ సంఖ్యా యంత్రం చేసే మార్పుల సంఖ్యా కలిపిన మొత్తంతో భాగించాలి. ఇక్కడ 1ని 7తో భాగించాలన్నమాట. బయట ఘనమీటరుకు 100 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉంటే లోపల 14. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక రోజుకు పెట్టిన పరిమితి 15. బాగుంది!

చప్పుడు భరించలేక రాత్రి వేగం తగ్గించామనుకోండి. మార్పులు 6 నుంచి 1.5కు పడిపోతే లోపల 40. ఇది మన దేశ ప్రమాణం 60 కన్నా తక్కువే గాని, 15 దాటిపోయింది. కిటికీ తీసి గంటకు పదిసార్లు గాలి మారనిస్తే, పూర్తి వేగంలోనూ లోపల 62.

యంత్రం అదే, 99.97 శాతం కూడా అదే. ఫలితాలు మాత్రం మూడు రకాలు. కెనడాలో కట్టెపొయ్యిల పొగ నిండే ఒక ఊరిలో 45 మంది పెద్దలున్న ఇళ్లలో హెపా యంత్రాలు పెట్టి చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. అక్కడ ఇళ్లలోని సూక్ష్మకణాలు తగ్గింది 60 శాతం. రక్తనాళాల పనితీరు కూడా మెరుగుపడింది. నిజమైన ఇంట్లో 60 శాతమంటే మంచి ఫలితమే. 99.97 మాత్రం ఇంటి అంకె కాదు.

పెట్టెకు తెలియని కూలర్

ఈ పెట్టె రాసినవాళ్లకు ఛత్తీస్‌గఢ్ ఎండ తెలిసినట్టు లేదు. అడవి తగలబడే కాలమే కూలర్లు తిరిగే కాలం. కూలర్ బయటి గాలిని తడిగడ్డిలోంచి లాగి గదిలోకి తోస్తుంది. అది గంటకు 1,700 ఘనమీటర్లు తోస్తే మన గదిలో 50 మార్పులు. లెక్క వేయండి: 50ని 56తో భాగిస్తే, లోపల 89! తడిగడ్డి ముతక దుమ్మును కొంత ఆపుతుందిగాని సన్నని పొగను ఆపలేదు. యంత్రం తిరుగుతూనే ఉంటుంది, కరెంటు మీటరూ తిరుగుతుంది, పొగ మాత్రం ఉంటుంది.

అలాగని 44 డిగ్రీల మధ్యాహ్నం వృద్ధుల గదిలో కూలర్ ఆపమనడం అంతకన్నా ప్రమాదం. వడదెబ్బ పొగకన్నా త్వరగా ప్రాణం తీస్తుంది. గదిలోని గాలినే తిప్పే స్ప్లిట్ ఏసీ ఉంటే ఈ చిక్కు లేదు. లేనివాళ్లు చల్లగా ఉండే వేళలు ఎంచుకోవాలి. మార్చి రాత్రులు, తెల్లవారుజాములు తలుపులు మూసి సీలింగ్ ఫ్యానుతో గడపవచ్చు. పొగ నేలకు దిగి నిలిచే వేళలు కూడా తరచుగా అవే.

కార్బన్, అయాన్లు

వాయువులను పట్టాలంటే ఉత్తేజిత కార్బన్ కావాలి, అదీ తగినంత బరువులో. నల్లపొడి పూసిన పలుచని వల కొద్దిరోజులకే నిండిపోతుంది. అయాన్ల సంగతి ఇంకో రకం. కొన్ని పరికరాలు వాటితోపాటు ఓజోన్‌ను కూడా వదులుతాయి. అది ఉబ్బసానికి శత్రువు. కాలిఫోర్నియా ప్రభుత్వం ఇళ్లలోని గాలిశుద్ధి పరికరాలు వదిలే ఓజోన్‌కు పదిలక్షల్లో 0.05 భాగాల పరిమితి పెట్టింది. అయాన్ మీట ఉంటే ఆపి ఉంచడమే మేలు.

పెట్టె చెప్పని అన్నిటికన్నా పెద్ద విషయం కార్బన్ మోనాక్సైడ్. హెపాగాని, ఈ కార్బన్ పొరగాని దాన్ని పట్టలేవు. 2014 జూన్‌లో భిలాయి కర్మాగారంలో ఆ వాయువు లీకై ఆరుగురు చనిపోయారు. దాని సంగతి ఆ ఊరికి వేరే చెప్పనక్కర్లేదు. కానీ శీతాకాలంలో బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని, తలుపులు బిగించి, యంత్రం ఉంది కదా అని నిద్రపోతే ప్రమాదం అదే. "వాయువులను తొలగిస్తుంది" అన్న వాక్యం పక్కన ఈ హెచ్చరిక లేకపోవడాన్ని నేను క్షమించలేను.

తీర్పు

ఫిల్టరు మంచిది, అంకె నిజమైనదే. గది వైశాల్యం గురించి రాసింది అతిశయం. అయాన్ల వాక్యం అనవసరం. కార్బన్ వాక్యం సగం నిజం కాబట్టి ప్రమాదం. పెదనాన్నకు చెప్పింది ఇదే: "కొనండి పెదనాన్నా, కానీ హాలుకు కాదు, పెద్దమ్మ గదికి. పడుకునే గంట ముందు పూర్తి వేగంలో పెట్టండి, ఆ తర్వాత చప్పుడు భరించగలిగినంత వేగంలోనే ఉంచండి. ఏటా కొత్త ఫిల్టరుకయ్యే డబ్బు ఇప్పుడే పక్కన పెట్టుకోండి." ఆయన దుకాణదారును అడిగిన మొదటి ప్రశ్న, ఆ ఫిల్టరు భిలాయిలో దొరుకుతుందా అని. నాకు తట్టని ప్రశ్న అది!

విద్యార్థి మిత్రులు ఒక పని చేయవచ్చు. మీ గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఘనపరిమాణం కట్టండి. వెలిగించిన అగరువత్తిని మూసిన కిటికీ అంచుల వెంట తిప్పి, పొగ ఎక్కడ వంగుతుందో చూడండి. గాలి దూరే సందులు అవే. తర్వాత అగరువత్తిని ఆర్పేయండి, అదీ పొగే! సందులకు గుడ్డపీలికలు కుక్కడానికి పైసా ఖర్చు లేదు, పై లెక్కలో "వచ్చే గాలి" తగ్గేది దానితోనే.

ఇప్పచెట్ల కింద వలలు పరిచి పువ్వును పట్టే పద్ధతి ఛత్తీస్‌గఢ్‌లో కొన్నిచోట్ల వచ్చింది. అక్కడ ఆకులకు నిప్పు పెట్టే అవసరమే ఉండదు. యంత్రం ఒక గదిని కాపాడుతుంది. ఆ వల గది లేనివాళ్లను కూడా కాపాడుతుంది.