ఆ దారుల్లో నిశ్శబ్దం ఎవరిది?

మా అక్క కూతురు లియోన్‌లో చదువుకుంటోంది. పోయిన వేసవిలో వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ సెంట్లూ చాక్లెట్లూ తెచ్చి, నాకు మాత్రం మడతల దగ్గర చిరిగిపోయిన మిషెలిన్ రోడ్డు పటం ఒకటి తెచ్చింది. "నీకు చదువుకోవడం ఇష్టం కదా పిన్నీ, ఇది చదువుకో" అంది. వేళాకోళానికి అన్నదే గాని, నేను నిజంగానే వారం రోజులు చదివాను. పెద్ద రోడ్లు ఎరుపు, వాటి తరవాతవి పసుపు, ఊరికీ ఊరికీ మధ్య తిరిగే చిన్న దార్లు తెలుపు. కొండ ఎక్కేచోట బాణం ములుకుల్లాంటి గుర్తులు. ఒక ములుకు ఉంటే నూరడుగుల దూరానికి 5 నుంచి 9 అడుగుల ఎత్తు. రెండుంటే 13 దాకా. మూడుంటే నాలాంటిది సైకిలు దిగి తోసుకుంటూ పోవడమే మర్యాద. మా పిల్ల ఆ తెల్ల దార్లు పట్టుకుని దక్షిణ ఫ్రాన్సులోని సెవేన్ కొండల్లో తొమ్మిది రోజులు తిరిగిందట.

"ఎంత ప్రశాంతంగా ఉంటుందో! ఒక పూటంతా తొక్కినా ఒక్క కారు ఎదురు రాలేదు పిన్నీ" అంది.

ఆ ప్రశాంతం అన్న మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ దేశపు కొండదార్ల మీద తిరిగి రాసినవాళ్ళని వరసపెట్టి చదివాను. ఈ మధ్య రాసేవాళ్ళ సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే చెప్పడానికి ఎక్కువ లేదు. అందరి పుస్తకాల్లోనూ ఒకటే వంట. పొద్దున్నే వేడి రొట్టె, చెట్టు కింద జున్ను, ఊరి మధ్య నీళ్ళ కుండీ, గంట కొట్టే చర్చి, ఆ పైన ఒక కిటికీ. కిటికీలోంచి ఒక ముసలావిడ చెయ్యి ఊపుతుంది. రచయిత కూడా చెయ్యి ఊపి మలుపు తిరుగుతాడు. అంతే! నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఊరంతటికీ ఆవిడొక్కతే ఎందుకుందో ఒక్కడైనా సైకిలు దిగి అడగడేం? నవలలు రాసుకునేదాన్ని, ఆవిడ దొరికితే నాకు ఇరవై వారాల సీరియల్.

పాతవాళ్ళు నయం. సైకిలు యాత్రలకు ఫ్రాన్సులో పెద్ద దిక్కు పాల్ ద వివీ. 'వెలోసియో' అన్నది ఆయన కలం పేరు. సెయింట్ ఎతియెన్‌లో పట్టు వ్యాపారం వదిలేసి సైకిళ్ళలో పడ్డాడు. 1887లో ఒక పత్రిక పెట్టాడు. ఆకలి వెయ్యకముందే తినమనీ, గొప్పకు పోయి తొక్కొద్దనీ మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళలా బుద్ధులు చెప్పాడు. కొండలెక్కడానికి గేర్లుండాలని జీవితమంతా వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెం నడిపిన దెగ్రాంజ్ మాత్రం, గేర్లు నలభై అయిదు దాటినవాళ్ళకేనని ఎగతాళి చేశాడని చెబుతారు. (నాకింకా రెండేళ్ళుంది, ఈలోపు ఆ అవమానం నాకు తగలదు.) వెలోసియో కాలంలో దార్లు నిశ్శబ్దంగా ఉన్నాయంటే అర్థముంది, కార్లింకా రాలేదు. అవి వచ్చాక, 1930లో, తన ఊళ్ళోనే కారు తప్పించుకోబోయి ట్రాము గుద్ది పోయాడు పాపం.

ఎలిజబెత్ పెన్నెల్ దంపతులు ఇద్దరూ కూచుని తొక్కే మూడు చక్రాల బండి మీద, లారెన్స్ స్టెర్న్ వెళ్ళిన దారి వెతుక్కుంటూ ఫ్రాన్సులో ప్రయాణం చేశారు. 1888లో పుస్తకం వచ్చింది. చిలిపిగా, హాయిగా ఉంటుంది. కాని వాళ్ళ కళ్ళు నూరేళ్ళ కిందటి పుస్తకం మీద ఉండి, ఎదుటి ఊరు పక్కకు తప్పుకుంది.

నాకు నచ్చింది సిమోన్ ద బొవా. ఆవిడ 32 ఏళ్ళ వయసులో, 1940లో, సైకిలు నేర్చుకుంది. ఆ మాట చదివి నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. మరుసటేడు వేసవిలో సార్త్ర్‌తో కలిసి జర్మన్ల ఏలుబడిలో లేని భాగంలోకి దొంగతనంగా దాటి, సైకిళ్ళ మీద మార్సెయ్ దాకా, తరవాత ఆల్ప్స్ లోకి వెళ్ళింది. ఊరికే షికారు కాదు, జర్మన్లను ఎదిరించడానికి మనుషుల్ని కూడగట్టాలని. 1960లో వచ్చిన ఆత్మకథలో ఇదంతా రాసింది. కొండ దిగుతూ పడిపోయి పన్ను ఊడగొట్టుకోవడం, ఆ పన్ను కొన్ని వారాల తరవాత గడ్డంలోంచి బయటపడడం అందరికీ గుర్తుండే ఘట్టం. నాకు అంతకన్నా నచ్చింది సార్త్ర్ సంగతి. మిట్ట వస్తే ఆయన పసివాడిలా పరుగు తీస్తాడు, ఈవిడ వెనక రొప్పుతుంది. చదునుగా ఉంటే ఏదో ఆలోచిస్తూ పోయి గుంటలో పడతాడు! తత్వవేత్తని ఇంత ముద్దుగా ఇంకెవరు చూపిస్తారు? ఆ దార్లూ ఖాళీవే. పెట్రోలు లేక ఖాళీ. ఆవిడ తన సంతోషం దాచుకోదు, కాని ఆకలీ భయమూ అదే పేజీలో పక్కనే కూచుని ఉంటాయి. అందుకే ఆ నిశ్శబ్దాన్ని నమ్మాను.

ఇక మా పిల్ల తిరిగిన సెవేన్. ఆ కొండల మీద మంచి పుస్తకం రాసినవాడు సైకిలే ఎక్కలేదు. 'ట్రెజర్ ఐలండ్' స్టీవెన్‌సన్ 1878లో ఒక గాడిదను తోలుకుంటూ పన్నెండు రోజులు నడిచాడు. గాడిదని కొట్టడం నాకు సయించదు గాని, ఎదురైనవాళ్ళని పలకరించకుండా పోడు. 1702లో అక్కడి ప్రొటెస్టెంట్లు రాజు మీద తిరగబడిన కథ తెలుసుకునే వెళ్ళాడు. ఇవాళ సైకిళ్ళవాళ్ళు మెచ్చుకునే ఫ్లొరాక్ పైనున్న కొండగట్టు రోడ్డు, ఆ జనాన్ని అణచడానికి సైన్యాలు నడిచేందుకని వెడల్పు చేసినదే.

మిగతాది చరిత్ర పుస్తకాల్లో వెతుక్కున్నాను. ఆ వాలుల మీద రాతి గట్లు కట్టి మల్బరీ పెంచి పట్టుపురుగుల మీద బతికిన జనం వాళ్ళు. పురుగులకు తెగులు వచ్చింది. ఫ్రాన్సు మొత్తం మీద 1853లో 26,000 టన్నులున్న పట్టుకాయల దిగుబడి 1865కి 4,000 టన్నులకు పడిపోయింది. పాశ్చర్ వచ్చి తెగులు గుట్టు కనిపెట్టాడు. ఈలోపే జనం కొండ దిగడం మొదలైంది, కొందరు బొగ్గుగనులకు, కొందరు పట్టణాలకు. ఆ కొండల్లోని లొజేర్ జిల్లాలో 1851లో లక్షా నలభై వేలకు పైగా మనుషులుండేవారు. ఇప్పుడు దాదాపు 76 వేలు. ఒక పూటంతా కారు ఎదురు రాలేదంటే ఎందుకు వస్తుంది చెప్పండి?

ఇతరుల్ని ఇంతగా దులిపాను గనక నా సంగతీ చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక సీరియల్లో నా హీరోయిన్ని పాలమూరు వైపు పల్లెటూరికి పంపించాను. మధ్యాహ్నపు వీధి, వేపచెట్టు నీడ, "ఎంత ప్రశాంతం!" అని ఆ అమ్మాయి నిట్టూర్పు. ఆ భాగం పడ్డ వారమే ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. "అమ్మా, మీరు రాసిన వీధి మాదే. పదకొండు ఇండ్లకు తాళాలున్నయి. అందరు బొంబయిలో పనికి పోయిన్రు. మీ పిల్లకు తాళాలు కనపడలేదా?" జవాబు రాయలేదు. ఏమని రాయను? నవల పుస్తకంగా వచ్చినప్పుడు కూడా ఆ పేజీ అలాగే పడింది.

మొన్న మా పిల్ల ఫోటోలు చూపించింది. ఒకదాంట్లో దాని సైకిలు ఒక ఎత్తయిన రాయికి ఆనించి ఉంది. పూల సంచీ, సీటు, హ్యాండిలు అన్నీ ముచ్చటగా పడ్డాయి. వెనక రాతి మీద ఏవో అక్షరాలు. పెద్దది చేసి చూస్తే మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఊరివాళ్ళ పేర్లు. ఒకే ఇంటిపేరు నాలుగుసార్లు. సైకిలు అడ్డం లేనంతవరకు లెక్కపెడితే ఇరవై మూడు తేలాయి.

"ఆ ఊళ్ళో ఇప్పుడెన్ని ఇళ్ళే?" అనడిగాను.

"చూళ్ళేదు పిన్నీ" అని, ఫోను నా చేతిలోంచి తీసుకుని, ఫోటో తనే మళ్ళీ పెద్దది చేసుకుని చూడడం మొదలెట్టింది.