నారింజ తీగ, నల్ల తీగ

పాత అంబాసిడర్‌ను కరెంటు బండిగా మార్చారని తెలిస్తే చాలు, జనం మూగుతారు. బానెట్ ఎత్తించి మోటారు చూస్తారు, డిక్కీ తీయించి బ్యాటరీలు చూస్తారు, ఒక్క ఛార్జికి ఎంత దూరం వెళ్తుందని అడుగుతారు. నేను మాత్రం డ్యాష్‌బోర్డు కిందికి తల పెట్టి వైరింగు చూస్తాను. మోటారైనా బ్యాటరీ అయినా డబ్బు పెడితే దొరుకుతాయి. వైరింగు అలా దొరకదు. ఆ బండి దగ్గరే కూర్చుని, ఆ బండికోసమే ఒక మనిషి ఓపిగ్గా చెయ్యాలి. మారిన కారు ఏళ్ల తరబడి నమ్మకంగా తిరుగుతుందా, ఏదో ఒక వానలో నడిరోడ్డు మీద మొరాయిస్తుందా అన్నది అక్కడే తేలిపోతుంది.

అంబాసిడర్ బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన బండి. 1950ల చివర మొదలై 2014లో ఆగిపోయేదాకా బెంగాల్లోని ఉత్తర్‌పాడాలో తయారైంది. అందుకే పాత బళ్లలో తీగల రంగులు బ్రిటిష్ విద్యుత్ పరికరాల కంపెనీ లూకాస్ పద్ధతిలో ఉంటాయి. బ్రౌన్ అంటే బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా నేరుగా వచ్చే లైను. తెలుపు, తాళం తిప్పితే వచ్చేది. ఆకుపచ్చ, తాళం తిప్పాక ఫ్యూజు దాటి వచ్చేది. ఊదా, ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజు లైను. ఎరుపు సైడు లైట్లకు, నీలం హెడ్‌లైట్లకు, నలుపు ఎర్త్‌కు. ఆకుపచ్చ మీద తెల్లచార ఉంటే కుడి ఇండికేటరు, ఎర్రచార ఉంటే ఎడమ ఇండికేటరు. ఈ రంగులు తెలిసినవాడికి బండి తన సంగతి తానే చెప్పుకుంటుంది.

కానీ నలభై ఏళ్లలో ఎన్ని చేతులు పడి ఉంటాయో! హారన్‌కు ఒకరు, స్టీరియోకు ఒకరు, ఫాగ్ లైట్లకు ఇంకొకరు, చేతికి ఏ రంగు దొరికితే ఆ రంగు వేసి టేపు చుట్టేసి ఉంటారు. కాబట్టి మొదటి పని కత్తెర పట్టడం కాదు, కాగితం పట్టడం. టెస్ట్ లాంపు, మల్టీమీటరు పెట్టి ఒక్కో తీగా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూసుకోవాలి, రెండు కొసలకూ చీటీ కట్టాలి, బొమ్మ గీసుకోవాలి. బండిలో ఇప్పుడేముందో ఒక బొమ్మ, మార్చాక ఏముండాలో ఇంకో బొమ్మ. రెండూ అయ్యాకే పని మొదలు.

విజయవాడ ఆటోనగర్లో ఒక పెద్ద ఎలక్ట్రీషియన్ ఈ పనిలో నాకు చూపించిన సంగతి చెప్తాను. హెడ్‌లైట్లకు వెళ్లే పాత తీగను తీసి రెండు వేళ్ల మధ్య మెల్లగా వంచారు. పైన అల్లిన నూలు చెక్కుచెదరలేదు, లోపలి రబ్బరు మాత్రం పొడిపొడిగా రాలింది. రాగి నల్లబడిపోయి ఉంది. "లైటు వెలుగుతోంది కదా అని వదిలేస్తారు బాబూ, వెలిగే తీగే ముందు అంటుకునేది" అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి ఉన్నవి రెండే ఫ్యూజులు, హెడ్‌లైట్లకు అదీ లేదు. కరెంటు బండిగా మార్చేటప్పుడు పాత పన్నెండు వోల్టుల వైరింగును అలాగే ఉంచి కొత్తది దానిమీద అతికించడం పునాది చూడకుండా మేడ లేపడం లాంటిది. పెళుసైన తీగలు మార్చాలి, హెడ్‌లైట్లకు రిలేలు పెట్టాలి, ఒక్కో సర్క్యూట్‌కూ దాని ఫ్యూజు దానికి ఉండాలి. రంగులు మాత్రం పాతవే వాడాలి.

తర్వాత తీసెయ్యాల్సినవి. ఇగ్నిషన్ కాయిలు, డిస్ట్రిబ్యూటరు, సెల్ఫ్ మోటారు, డైనమో, దాని కటౌట్, పెట్రోలు పంపు, ఆయిల్ ప్రెషర్ స్విచ్చి. వీటి తీగలను టేపు చుట్టి మూల పడెయ్యకుండా రెండు కొసల దగ్గరా ఊడదీసి బయటికి తియ్యాలి. పనికొచ్చేవి కొన్ని మిగులుతాయి. డైనమో హెచ్చరిక దీపాన్ని, డైనమో స్థానంలో వచ్చే కొత్త కన్వర్టర్ ఆగిపోతే వెలిగేలా కలపవచ్చు. పెట్రోలు ముల్లు బ్యాటరీలో ఎంత మిగిలిందో చూపించగలదు, టెంపరేచర్ ముల్లు మోటారు వేడిని చూపించగలదు. పాత ముళ్లు కొత్త సంగతి చెప్పడం చూస్తే నాకు ఎప్పుడూ సంతోషమే.

ఇంకొకటి మరవకూడదు. ఆ తరం బళ్లలో కొన్నింటికి బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది. కొత్త పరికరాలు నెగటివ్ ఎర్త్‌కే తయారవుతాయి. ముందు దాన్ని తిప్పుకోకుండా ఏదైనా కలిపితే ఆ క్షణమే కాలిపోతుంది.

ఇక నారింజ తీగ. బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్లే అధిక వోల్టేజి కేబుళ్లన్నీ ఆ రంగులోనే ఉండాలన్నది ప్రపంచమంతా పాటించే నియమం. డీసీ కరెంటు 60 వోల్టులు దాటిందంటే ప్రమాదం కిందే లెక్క. పన్నెండు వోల్టుల వైరింగులో బాడీయే తిరుగు తీగ. నారింజ తీగకు ఆ సూత్రం పనికిరాదు. దాని ప్లస్ గానీ మైనస్ గానీ బాడీని తాకకూడదు. ఒకటి తాకినప్పుడు పైకి ఏమీ తెలియదు, బండి మామూలుగానే నడుస్తుంది. అదే భయం. రెండోది కూడా ఎక్కడో తాకిన రోజున షార్ట్ అయి మంట లేస్తుంది, లేదా దాన్ని ముట్టుకున్న మనిషి గుండా కరెంటు పోతుంది. అందుకే రేకులోంచి కేబుల్ దూర్చిన ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ ఉండాలి, తిరిగే షాఫ్టుకూ ఊగే కమాను పట్టీలకూ దూరంగా క్లాంపులు ఉండాలి. ఇన్సులేషన్ వోల్టుకు కనీసం 500 ఓములు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. 300 వోల్టుల బండికి లక్షా యాభై వేల ఓములన్నమాట. అది అట్టడుగు గీత. ఎలక్ట్రానిక్స్ విప్పేసి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెడితే మంచి పని మెగా ఓముల్లో చూపిస్తుంది.

తాళం తిప్పిన మొదటి అరసెకను సంగతి చూడండి. మోటారు కంట్రోలర్‌లో పెద్ద కెపాసిటర్లు ఉంటాయి, అవి ఖాళీగా ఉన్నప్పుడు 300 వోల్టులు నేరుగా కలిపితే వేల ఆంపియర్లు ఒక్కసారి దూకుతాయి. ఆ వేడికి, లైను కలిపి తెంచే కాంటాక్టర్ పాయింట్లు అతుక్కుపోతాయి. అతుక్కున్నాక తాళం తీసినా లైను తెగదు. దానికి మందు ప్రీఛార్జి రెసిస్టరు. కెపాసిటర్ 1000 మైక్రోఫారడ్లు, రెసిస్టర్ 100 ఓములు అనుకుంటే మొదట ప్రవహించేది మూడు ఆంపియర్లే. అరసెకనులో కెపాసిటర్ 99 శాతం నిండుతుంది, అప్పుడు అసలు కాంటాక్టర్ కలుస్తుంది. చిన్న రెసిస్టరే, కానీ ఆ బండిలో మనుషుల ప్రాణాలు కాసే వస్తువుల్లో అదొకటి. అలాగే బండి ఆపి, బ్యాటరీ లైను తెంచే సర్వీసు ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. కొన్ని నిమిషాలు ఆగి, మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి.

డైనమో స్థానంలోకి, పెద్ద బ్యాటరీ నుంచి పన్నెండు వోల్టుల లైనుకు కరెంటిచ్చే డీసీ-డీసీ కన్వర్టర్ వస్తుంది. పాత లూకాస్ సీ40 డైనమో మహా ఇస్తే 22 ఆంపియర్లు, అదీ ఇంజిను పరుగెత్తితేనే. కన్వర్టర్ సిగ్నల్ దగ్గర ఆగినా సమానంగా ఇస్తుంది కాబట్టి లైట్లు మసకబారవు. అయినా పన్నెండు వోల్టుల బ్యాటరీని తీసెయ్యకూడదు. కన్వర్టర్ ఆగిన రాత్రి లైట్లనూ వైపర్‌నూ ఆదుకునేది అదే.

సన్నతీగలనూ చిన్నచూపు చూడకూడదు. బ్యాటరీ, కంట్రోలర్, ఛార్జరు మాట్లాడుకునే క్యాన్ లైను రెండు తీగల జడ. రెండు కొసల్లోనూ 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి బండి ఆపి మీటరు పెడితే 60 ఓములు చూపాలి. ఆ జడ నారింజ తీగల పక్కన సాగకూడదు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. ఛార్జింగ్ ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ బండి కదలకుండా అడ్డుకునే లైను తప్పనిసరి. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మోటారే బండిని లాగి ఆపుతుంది, కానీ పాత బ్రేకు స్విచ్చికి ఆ సంగతి తెలియదు. వేగం ప్రతి సెకనుకూ గంటకు 4.7 కిలోమీటర్ల కంటే ఎక్కువ చొప్పున తగ్గుతుంటే బ్రేకు లైటు వెలగాలని ఐరోపా నియమం. దానికి కంట్రోలర్ నుంచి ఒక తీగ, ఒక రిలే చాలు. అది లేకపోతే వెనక వచ్చేవాడికి మనం ఆగుతున్నట్టే తెలియదు.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బండిని ఇలా మార్చకూడదు. ఆమోదం పొందిన కిట్ ఉండాలి, ఆర్సీలో ఇంధనం మార్పు రాయించాలి. 2021లో వచ్చిన వింటేజి రిజిస్ట్రేషన్ యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్లకే. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కూడా ఇంజిను తీసి కరెంటు మోటారు పెట్టిన బండిని చారిత్రక వాహనంగా లెక్కపెట్టదు. అరుదైన బండి, ఇంజిను బాగున్న బండి అలాగే ఉండనివ్వాలనే నేనూ అంటాను. ఇంజిను చచ్చి షెడ్డులో తుప్పు పడుతున్న బండిని మార్చడం మాత్రం దానికి బతుకివ్వడమే. అప్పుడు కూడా బాడీకి కొత్త రంధ్రాలు పెట్టకుండా, విప్పిన భాగాలకు చీటీలు కట్టి దాచిపెట్టాలి.

మీ తాతగారిదో నాన్నగారిదో బండి మార్పించాలనుకుంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చివరి బిల్లు కట్టేముందు వైరింగు బొమ్మ అడగండి. ఏ తీగ ఏ రంగు, ఎంత మందం, ఏ ఫ్యూజు, ఎక్కడ ఎర్త్ అయిందీ అందులో ఉండాలి. మెగ్గర్ రీడింగు మీ ఎదుటే తీయించి దానిమీద రాయించండి. ఒక నకలు ఇంట్లో, ఒక నకలు బండిలో ఉంచండి. బొమ్మ ఇవ్వలేమన్న షెడ్డుకు మీ బండి ఇవ్వకండి.