దామరచర్లలో ఎవరిని అడగాలి?

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద బస్సెక్కినవాళ్ళకు దామరచర్ల కిటికీలోంచి జరిగిపోయే ఊరు. మిర్యాలగూడ దాటాక లారీల వరస, ఆ తర్వాత వాడపల్లి, కృష్ణ మీద వంతెన, అవతలి గట్టున పొందుగల. కాస్త కునుకు తీసినవాళ్ళు కళ్ళు తెరిచేసరికి పల్నాడులో ఉంటారు. ఈ పదేళ్ళలో పేపర్లలో ఆ మండలం పేరు పడినప్పుడల్లా దాదాపుగా ఒక అంకె పక్కనే పడింది: 4,000 మెగావాట్లు. వీర్లపాలెం దగ్గర 800 మెగావాట్ల యూనిట్లు అయిదు కట్టాలని యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. దామరచర్ల అనగానే హైదరాబాదులో వినిపించే మాట కరెంటు, లేదంటే సిమెంటు. మనుషుల ఊసు రాదు.

అలాంటి ఊరి మీద ఎవరైనా ప్రత్యేక సంచిక వేస్తే ఏం జరుగుతుందో తెలుగు పాఠకులకు బాగా తెలుసు. మొదటి పేజీలో ఎమ్మెల్యే ఫొటో. లోపల మాజీ సర్పంచులు, గుడికి విరాళమిచ్చిన కాంట్రాక్టరు, ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయి, డాలస్‌లో ఇల్లు కొన్న అబ్బాయి. పైన ‘మన ఆణిముత్యాలు’ అని శీర్షిక. వాళ్ళెవరూ అబద్ధం కాదు. అయితే ఆ పేజీ పైన దామరచర్ల పేరు తీసి హుజూర్‌నగర్ పేరు పెట్టినా, కోదాడ పేరు పెట్టినా ఒక్క వాక్యం మార్చక్కర్లేదు. ఊరిని దాని మనుషుల మాటల్లో పొగడాలనుకునేవాళ్ళు ముందు తేల్చుకోవలసిన సంగతి ఇది: ఎవరిని అడగాలి, ఏమని అడగాలి.

ఈ పనికి ఒక పెద్దదిక్కు షికాగోలో ఉండేవాడు. స్టడ్స్ టెర్కెల్ 1952 నుంచి 45 ఏళ్ళు అక్కడి రేడియోలో జనంతో మాట్లాడాడు. 1967లో వచ్చిన అతని ‘డివిజన్ స్ట్రీట్: అమెరికా’ మొత్తం షికాగో మనుషుల సంభాషణలే, 1974లో వచ్చిన ‘వర్కింగ్’ మనుషులు తమ పనుల గురించి చెప్పుకున్న మాటలు. టేప్ రికార్డరు మాత్రం అతని చేతిలో సరిగా పలికేది కాదు. బటన్ ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కేవాడు. ఎదుటి మనిషే జాలిపడి సాయం చేసేది. ఆ తడబాటే తనకు కలిసొచ్చిందని అతనే చెప్పుకున్నాడు: యంత్రం నడపడం రానివాడి ముందు జనానికి బెరుకు పోతుంది. ఒకసారి ఒక పేద తల్లి రికార్డు చేసిన తన మాటలు తానే విని, తన మనసులో ఇది ఉందని తనకే ఇంతవరకు తెలియదని ఆశ్చర్యపోయిందట. ఈ కాలమ్‌కు టెర్కెల్ పుస్తకాలన్నిటికంటే ఆ ఒక్క ముచ్చటే ఎక్కువ అనిపిస్తుంది.

దీనికోసం షికాగో దాకా పోనక్కర్లేదు కూడా. తెలంగాణకు, అందులోనూ నల్లగొండ జిల్లాకు ఈ విద్యలో సొంత వారసత్వం ఉంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి వాదన పెట్టుకోలేదు. 354 మంది కవులను ఒకచోట చేర్చి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చేశారు. అది రాసేవాళ్ళ లెక్క. చదువు రానివాళ్ళ లెక్క తేలడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది. స్త్రీశక్తి సంఘటన సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి, కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. అందులో చిట్యాల ఐలమ్మ ఉంది. పోరాటం రోజుల్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంట దక్కించుకున్న మనిషి. ఆమె 1985 సెప్టెంబరులో పోయింది. పుస్తకం మరుసటేడు వచ్చింది. అడగడం ఇంకొన్నేళ్ళు వాయిదా పడి ఉంటే, మన దగ్గర ఆమె విగ్రహాలే మిగిలేవి. గొంతు ఉండేది కాదు.

ఆ పుస్తకం పొగడ్త పుస్తకమేనా అంటే, అవును. కానీ అందులో మనుషులు కష్టం దాచుకోలేదు. దళంలో తిరుగుతూ కన్న బిడ్డను వేరేవాళ్ళకు ఇచ్చేయాల్సి వచ్చిన సంగతి కమలమ్మ అనే ఆమె చెప్పింది. పోరాటం ఆగాక, తుపాకీ పట్టిన ఆడవాళ్ళను ఇక ఇళ్ళకు పోయి సంసారాలు చూసుకొమ్మన్న సంగతీ అక్కడే ఉంది. ఇవాళ్టి ‘ఆణిముత్యాల’ పేజీ అయితే ఈ రెండూ కత్తిరించేది. అవి తీసేస్తే మిగిలేది ఫ్లెక్సీ మీద రాసుకునే నాలుగు ముక్కలు.

మల్లు స్వరాజ్యం కథ ఇంకా దగ్గరది. తుంగతుర్తి వైపు కర్విరాల కొత్తగూడెంలో భూస్వామి ఇంట పుట్టి, దళానికి కమాండరై, తల మీద పది వేల రూపాయల వెల పెట్టించుకున్న మనిషి. ఆ తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి ఎమ్మెల్యే. ఆమె తన కథ కూర్చుని రాయలేదు, చెప్పింది. విమల, కాత్యాయని ఆ మాటల్ని కాగితం మీదికి తెచ్చారు. ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వచ్చింది, ఆమె 2022 మార్చిలో వెళ్ళిపోయింది. ఇక్కడా మూడేళ్ళే తేడా. ఈ జిల్లాలో అడిగేవాళ్ళు ఎప్పుడూ ఆఖరి బస్సు అందుకున్నట్టే కనిపిస్తారు.

సరే, దామరచర్ల సంగతి. సెంటరులో టీ కొట్టు ముందు కూర్చున్నవాళ్ళను ‘మీ ఊరి గొప్పేంటి’ అని అడిగితే నల్లగొండ జిల్లా అంతటా వచ్చే జవాబే వస్తుంది: “మాదేమున్నది సారూ, పెద్దోళ్ళనడుగుండ్రి.” ఆ మాట వినయం కాదు. ప్రశ్న బాగాలేదని మర్యాదగా చెప్పడం. అదే మనిషిని సాగర్ ఎడమ కాలువ కింద నారు ఎప్పుడు పోస్తారనో, వడ్లు మిర్యాలగూడ మిల్లుకు తోలితే గేటు ముందు ట్రాక్టరు ఎంతసేపు ఆగుతుందనో అడిగితే గంట గడిచినా ఆపరు. పని గురించి అడిగితే మనిషి దొరుకుతాడు. ఊరు ఆ వెనకే వస్తుంది.

కథలు చెప్పించుకోవాలంటే మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి ఉంది. అగస్త్యేశ్వరుడి గుడిలో పూజారి ఎవరైనా ఆ కథ చెబుతారు: బోయవాడు తరిమిన పక్షి శివుడి చాటుకు చేరింది, నా ఆకలి మాటేమిటని బోయవాడు నిలదీశాడు, కావాలంటే నా తలలో మాంసం తీసుకోమన్నాడు శివుడు. లింగం మీద బోయవాడి వేళ్ళ గుర్తులని చూపిస్తారు, పైన గుంటలో నీళ్ళు ఎంత తోడినా తరగవంటారు. పక్కన నరసింహస్వామి గుడిలో రెండు దీపాలు: స్వామి ముఖం ఎత్తులో ఉన్నది రెపరెపలాడుతుంది, కిందిది కదలదు. అది స్వామి ఊపిరి అని నమ్మకం. ఇవి రాసుకోవలసినవే, కానీ ప్రతి యాత్రికుడికీ చెప్పిన కథ చెప్పేవాళ్ళ నోట్లో నున్నబడి ఉంటుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చేయి చూపించాలో వాళ్ళకు అలవాటు. కథ అయ్యాక 2009 అక్టోబరులో కృష్ణ పొంగినప్పుడు గుడి ముందు ఎంతవరకు నీళ్ళొచ్చాయని అడిగి చూడాలి. అప్పుడు గొంతు మారుతుంది. అంతవరకు మాట్లాడింది గుడి, ఇక మాట్లాడేది మనిషి.

ఈ మండలంలో లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. అక్కడ పెద్దామెను “యాడీ” అని పిలిచి కూర్చుంటే సగం పని అయినట్టే; మిగతా సగం మాత్రం తెలుగులో కాదు. కోడలో మనవడో మధ్యలో కూర్చుని తెలుగులోకి మార్చి చెబుతున్నప్పుడు, ఆమె అయిదు నిమిషాలు చెప్పింది ఒక్క ముక్కలో వచ్చేస్తుంది. ఇలాంటిచోట అసలు మాట కూడా రికార్డు చేసి ఉంచుకోవడం తప్ప దారి లేదు. గోర్ భాషకు సొంత లిపి లేదు కాబట్టి ఆ రికార్డే కాగితం.

ఇంకో చిక్కు ప్రశ్న ఉంది. వీర్లపాలెంలో ప్లాంటు కట్టడానికి, మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోయడానికి బీహారు నుంచి, ఇతర ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు ‘స్థానికుల’ లెక్కలోకి వస్తారా? 2020 లాక్‌డౌన్ తర్వాత బీహారు హమాలీలు లేక తెలంగాణ మిల్లులు చిక్కుల్లో పడి, వాళ్ళను రైళ్ళలో వెనక్కి పిలిపించుకున్నాయి. ఈ కాలమ్ లెక్కలో వాళ్ళు ఈ ఊరి మనుషులే. ఓటరు లిస్టు పట్టుకుని ఊరిని పొగడటం మొదలుపెడితే సగం ఊరు బయటే నిలబడుతుంది.

ఇక ఇలాంటి సంచికల్లో వినిపించే ‘స్ఫూర్తి’ మాట. ఆ పట్టీ అడిగేవాళ్ళు తగిలించేదే గాని చెప్పేవాళ్ళ నోట వచ్చేది కాదు. సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో దుశ్చర్ల సత్యనారాయణ దాదాపు 70 ఎకరాల సొంత పొలాన్ని అడవిగా వదిలేశాడు. ఫొటోలు తీసేవాళ్ళంతా ఆ చెట్ల మధ్య నిలబెట్టే తీస్తారు. కానీ ఆయన జల సాధన సమితిని నడిపిన మనిషి అని గుర్తుపెట్టుకుని అడిగితే 1996 బయటికొస్తుంది. ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు వంగిపోతున్న జిల్లాకు కృష్ణ నీళ్ళివ్వాలని నల్లగొండ లోక్‌సభ స్థానంలో నామినేషన్లు గుట్టలుగా వేయించారు. బరిలో నిలిచింది 480 మంది. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం. ఆ ఏడాదే దేశమంతా లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్టు అయిదు వందల నుంచి పది వేలకు పెరిగింది. ఆ 480 మందిలో గెలవాలనుకోని వందల మంది ఇప్పటికీ ఏదో ఊళ్ళో ఉంటారు. వాళ్ళతో మాట్లాడి రాసే పుస్తకానికి ‘స్ఫూర్తి’ అని పేరు పెట్టనక్కర్లేదు. వాళ్ళలో చాలామంది నవ్వుతూనే చెబుతారు.

దామరచర్లలో పని మొదలుపెట్టేవాళ్ళు వరస కూడా చూసుకోవాలి. ప్లాంటు ఇంజనీరు ఇంకో పదేళ్ళ తర్వాత కూడా దొరుకుతాడు. సాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. అంతకు ముందు ఆ నేలలో ఏం వేసేవాళ్ళో, ఎండిన ఏడు ఎక్కడికి వలస పోయేవాళ్ళో, వరి అన్నం పండగకు మాత్రమేనా కాదా అన్నది చేతులారా చేసి చెప్పగలిగినవాళ్ళు అప్పటికి కనీసం ఇరవై ఏళ్ళవాళ్ళయి ఉండాలి. వాళ్ళకిప్పుడు ఎనభై దగ్గర పడుతోంది. అడగవలసింది ముందు వాళ్ళనే, అదీ పొద్దున పూటే. మధ్యాహ్నం అన్నం తిన్నాక చాలామంది ఓ కునుకు తీస్తారు.