ఒత్తుకు చోటిచ్చే అక్షరం

కొత్త తెలుగు ఫాంటు ఏది వచ్చినా నేను ముందు టైపు చేసేది మా పక్కూరి దేవుడి పేరు. మోపిదేవి శ్రీ సుబ్రహ్మణ్యేశ్వరస్వామి. కృష్ణా జిల్లా దివిసీమలో, అవనిగడ్డ చుట్టుపక్కల శుభలేఖ మీదా, నాగులచవితి కరపత్రం మీదా, ఆటో వెనక అద్దం మీదా ఆ పేరు కనబడుతూనే ఉంటుంది. ఫాంటుకు ఇంతకన్నా గట్టి పరీక్ష నాకు దొరకలేదు. శ్రీలో ర ఒత్తు, బ్రలో మళ్లీ ర ఒత్తు, తర్వాత మ, య, వ, వ. ఒక్క పేరులో ఆరు ఒత్తులు. ణ్యే దగ్గర పైన ఏత్వం ఉంటుంది, కింద య ఒత్తు కుడికి సాగుతుంది. ఆ వెంటనే శ్వ కింద వ ఒత్తు సిద్ధంగా ఉంటుంది. ఆ రెంటి మధ్యా తెల్ల కాగితం వెంట్రుకవాసి అయినా కనబడుతోందా, రెండూ అంటుకుని సిరా మరకైపోయాయా అని చూస్తాను. తలకట్లూ, వంపులూ ఎంత సొగసుగా ఉన్నాయన్నది ఆ తర్వాతి సంగతి.

ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరస ఎత్తు తెలుగుకు చాలదు. పైన గుడీ ఏత్వమూ, మధ్యలో అక్షరం, దాని కింద ఒత్తు, రాష్ట్రంలోనూ లక్ష్మిలోనూ అయితే ఆ ఒత్తుతో పాటు ఇంకో ఒత్తు. ఇంగ్లీషుకు గీసిన కొలతలోనే దీన్నంతా ఇరికించాలనుకుంటే రెండే దారులు. అక్షరం మొత్తాన్ని కుదించాలి, లేదా ఒత్తును నలిపేయాలి. రెండు భాషల బోర్డుల మీద తెలుగు చిన్నబోయి కనబడటానికి చాలాసార్లు కారణం ఇదే. బోల్డ్ పెట్టగానే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. నాట్లు మరీ దగ్గరగా వేస్తే పైరు ఒకదాన్నొకటి నొక్కేసినట్టు, గీత లావెక్కేకొద్దీ లోపలి తెలుపు మూసుకుపోతుంది. శుభలేఖలో ‘తిథి’ అన్న మాట చూడండి. థ పొట్టలోని చుక్క పూడిపోతే అది ధ అయిపోతుంది.

ఈ పరీక్షలో నాకు బాగా నచ్చినవి కొన్ని చెబుతాను. పుస్తకానికి అయితే, ఇంకో ఆలోచన లేకుండా టైరో తెలుగు. కెనడాకు చెందిన జాన్ హడ్సన్, బ్రిటన్‌కు చెందిన ఫియోనా రాస్ కలిసి మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం గీసిన అక్షరం ఇది. 2015లో ఆ వరసలో వచ్చిన మొదటి పుస్తకాల్లో అల్లసాని పెద్దన మనుచరిత్ర ఒకటి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఇంగ్లీషు అనువాదం ఒక పేజీలో, ఎదురు పేజీలో తెలుగు మూలం. ఇప్పుడు ఆ అక్షరం గూగుల్ ఫాంట్స్‌లో ఎవరికైనా ఉచితం. దీన్లో గీత అంతటా ఒకే లావున సాగదు. వంపు తిరిగేచోట సన్నబడి, పొట్ట దగ్గర నిండుగా ఉంటుంది. పాత అచ్చు పుస్తకాలు చదివి పెరిగిన కంటికి ఆ నడక వెంటనే హాయి అనిపిస్తుంది. శతకమైనా, స్థలపురాణమైనా, ఊరి చరిత్రైనా వేయించేవాళ్లు దీన్నే అడగండి.

బోర్డులకూ బ్యానర్లకూ అనెక్ తెలుగు. ముంబైలోని ఏక్ టైప్ బృందం 2022లో విడుదల చేసింది. పది లిపుల కుటుంబం అది, అందులో మనదొకటి. లావునే కాదు, వెడల్పును కూడా కావలసినంత జరుపుకోవచ్చు. ఫ్లెక్సీ వేసేవాళ్లకు ఇది ఎంత మేలో చెప్పలేను. ఇప్పుడు ఏం చేస్తున్నారు? పేరు పట్టకపోతే మౌసుతో రెండు వైపులా పట్టి నొక్కేస్తున్నారు. నిలువు గీతలు సన్నబడి, అడ్డగీతలు లావుగా మిగిలి, గుండ్రటి అక్షరం కోడిగుడ్డై నిలబడుతుంది. అనెక్‌లో ఇరుకు అక్షరాన్ని ఇరుకుగానే గీశారు. గీత లావు చెడదు. ‘పెనుమూడి–పులిగడ్డ వారధి’ అని ఇరుకులో వేసి చూశాను, డ్డ కింద ఒత్తుకు చోటు మిగిలే ఉంది.

ఫోన్‌లో చదివే రాతకు హింద్ గుంటూరు నా ఎంపిక. అహ్మదాబాద్ ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్లది, ఐదు లావుల్లో దొరుకుతుంది. కృష్ణ దాటితే గుంటూరు సీమే కాబట్టి ఆ పేరు చూడగానే నాకు కాస్త అభిమానం పుట్టిన మాట నిజం. కానీ ఎంచుకున్నది పేరును చూసి కాదు. చిన్న సైజులో కూడా పొట్టలు తెరుచుకునే ఉంటాయి, అందుకు.

ఇక మన ఇంటి సరుకు. కూచిపూడి వాళ్లకు బాగా తెలిసిన సిలికానాంధ్ర సంస్థ దశాబ్దం కిందటే తెలుగు ఫాంట్లు వరసగా విడుదల చేసింది. చాలావాటిని పురుషోత్ కుమార్ గుత్తుల గీశారు. ధూర్జటి, పెద్దన, గిడుగు, గురజాడ, సురవరం, రామభద్ర, శ్రీకృష్ణదేవరాయ అని పేర్లు. వాటిలో ఎన్టీఆర్ ఉంది, ఆయన పుట్టిన నిమ్మకూరు మన పక్కనే. మండలి కూడా ఉంది. దివిసీమకు ఆ ఇంటిపేరు పరిచయం చేయనక్కర్లేదు, 1975 ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించింది మండలి వెంకటకృష్ణారావుగారే. మండలి ఫాంటు వార్తాపత్రికను మనసులో పెట్టుకుని గీసింది. వాలకం నిదానం, పేరాలకు పేరాలు చదివినా కళ్లు లాగవు. రామభద్ర మాత్రం శీర్షికకే. దాన్ని పేరాలో వాడితే పేజీ నల్లబడిపోతుంది. ఇన్ని ఫాంట్లు ఉచితంగా ఇచ్చి తెలుగు డిజైనర్‌కు ఎంచుకునే వీలు కల్పించిన పని ఇది. దీనికి రావలసినంత పేరు రాలేదని నా బాధ.

అయినా మా ఊరి డీటీపీ షాపులో ఇవేవీ తెరపైకి రావు. “బాబాయ్, అనులో ప్రియాంక బోల్డ్ పెట్టేస్తే అయిపోతుందిగా” అంటాడు కుర్రాడు. చేతికి అలవాటైన కీబోర్డు, పేజ్‌మేకర్‌లో చకచకా సాగే పని. ఆ వేగాన్ని నేను కాదనను, పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రింబవళ్లు పనిచేసేవాళ్లకు వేగమే అన్నం. కానీ ఆ అను ఫాంట్లు తెలుగు అక్షరానికి సొంత సంకేతమిచ్చే యూనికోడ్‌లో ఉండవు, కాబట్టి అలా కొట్టిన రాత కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. వేరే ఫాంటులోకి మార్చగానే పిచ్చి ఇంగ్లీషు గుర్తులై బయటపడుతుంది. వెతికితే దొరకదు, ఫోన్‌కు పంపితే చదవరాదు. ఊరి చరిత్ర పుస్తకం ఒకటి అలా కొడితే, పదేళ్ల తర్వాత మళ్లీ అచ్చువేయాలన్నప్పుడు మొదటి నుంచి కొట్టుకోవాలి.

యూనికోడ్ ఫాంటు పెడితే ఒత్తులు విడిపోతున్నాయన్నది ఆ కుర్రాడు చెప్పే రెండో కారణం. నిజమే, విడిపోతాయి, కానీ తప్పు ఫాంటుది కాదు. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూ తెరిచి వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఫోటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఉంటుంది, అది పెట్టాలి. ఒక్కసారి పెట్టి చూపించాక మా వాడు శ్రీ దగ్గర పెద్దది చేసి చూసుకుని, “ఇంతేనా బాబాయ్” అన్నాడు. అక్షరాలను కూర్చడం అంత తేలికని మాత్రం అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న అక్షరం ఒక రకం కూర్పులో రాగానే ఐఫోన్‌లలో యాప్‌లు ఆగిపోయాయి. ఆపిల్ ప్రత్యేకంగా అప్‌డేట్ ఇచ్చి సరిదిద్దుకోవలసి వచ్చింది.

తెలుగు పుస్తకాలు మొట్టమొదట అచ్చయింది కూడా ఇక్కడ కాదు. 1746లో జర్మనీలోని హాలేలో బెంజిమన్ షుల్ట్జ్ వేయించాడు. అప్పటి నుంచి మన అక్షరాన్ని శ్రద్ధగా గీసినవాళ్లలో బయటివాళ్లు చాలామంది ఉన్నారు. టైరో తెలుగు చూశాక వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. అయితే ఒక్క రకం అక్షరం ఇంకా ఏ ఫాంటులోనూ నాకు కనబడలేదు. మా వైపు బోర్డు ఆర్టిస్టులు బ్రష్షుతో రాసేది. నాగాయలంక పడవల మీద, చల్లపల్లి రైస్‌మిల్లు గోడల మీద, బందరు రోడ్డులో పాత సైకిల్ షాపుల మీద ఇంకా అక్కడక్కడా ఉంది. చదునైన బ్రష్షు తిప్పడం వల్ల తలకట్టు మొదట్లో బిగువుగా పడి, చివర్న విసురుగా లేస్తుంది. ర ఒత్తును అక్షరం ఎడమ పక్క నుంచి చుట్టుకొస్తారు, నీడ గీతను కుడి కింద వేస్తారు. ఫ్లెక్సీ వచ్చాక ఆ చేతులకు పని తగ్గిపోయింది. గోడకు సున్నం వేసిన ప్రతిసారీ ఒక నమూనా పోతోంది.

ఆ బ్రష్షు అక్షరాన్ని ఫాంటుగా మార్చడం కంప్యూటర్ కోర్సు చదివే పిల్లలకు అందే పనే. ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. అను తప్ప నేను పైన చెప్పిన ఫాంట్లన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నవే. వాటిని విప్పి ఒత్తులు ఎక్కడ అమర్చారో చూసి నేర్చుకోవచ్చు. మార్చి కొత్తది చేసినా తప్పులేదు, అదే లైసెన్సు కింద ఇవ్వాలి, మొదట గీసినవాళ్లు అసలు పేరును తమకే అట్టిపెట్టుకుని ఉంటే కొత్త పేరు పెట్టుకోవాలి. గీయాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి కాబట్టి ఓపిక కావాలి. ముందు బోర్డులు రాసిన పెద్దాయన ఒకరి దగ్గర కూర్చుని గుణింతమంతా కాగితం మీద రాయించుకోండి. అవనిగడ్డ నుంచి నాగాయలంక దాకా నేను తీసిన బోర్డుల ఫొటోలు ఉన్నాయి. మొదలుపెట్టేవాళ్లు ఈ పత్రికకు ఉత్తరం రాస్తే అన్నీ ఇచ్చేస్తాను.