రాయ్ పాటకి రాజొకరు, తల్లొకరు

రాయ్ అంటే అరబీలో అభిప్రాయం. హైదరాబాదులో ఉర్దూ వింటూ పెరిగిన చెవులకి కొత్త మాటేం కాదు. ‘ఆప్ కీ రాయ్’ అని అడుగుతారు చూడండి, ఆ రాయే. పడమటి అల్జీరియాలో, ఒరాన్ రేవు పట్టణం చుట్టూ, ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో రూపు కట్టిన ఒక పాట తీరుకి ఈ పేరు వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పే కథలు చాలా ఉన్నాయి. ఎక్కువగా వినిపించేది ఇది: పాట మధ్యలో గాయని ఊతపదంలా ‘యా రాయ్’ అని తన బుద్ధిని తనే పిలుచుకుంటుంది, ఎంత పని చేశావే అన్నట్టు. తన ఇష్టం వల్ల, తన నిర్ణయం వల్ల తనకేం జరిగిందో ఒక ఆడమనిషి నలుగురిలో చెప్పుకోవడమే ఒక సంగీత ప్రక్రియకి పేరైందన్న మాట. నాకైతే ఈ సంగతి ఒక్కటే ఈ పాట వెంట పడడానికి సరిపోయింది.

2022 డిసెంబరులో యునెస్కో రాయ్‌ని అల్జీరియా జానపద గీతంగా సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పుడొచ్చిన వ్యాసాల్లో రెండు బిరుదులు పక్కపక్కనే కనబడుతూ వచ్చాయి. ఖాలెద్ ‘రాయ్ రాజు’. షేఖా రిమిత్తీ ‘రాయ్ తల్లి’, కొందరికి ‘అమ్మమ్మ’. ఇద్దరినీ గౌరవించినట్టే ఉంటుంది. కానీ రాజుకి రాజ్యం ఉంటుంది, తల్లికి పిల్లలుంటారు. రాజు సంపాదిస్తాడు, తల్లి ఇస్తుంది. ఇచ్చినదానికి తల్లి లెక్క అడిగితే ఎబ్బెట్టుగా ఉంటుంది. రిమిత్తీ లెక్క అడిగింది. బతికున్నంత కాలం అడుగుతూనే ఉంది. ఆమెను తల్లి అని పిలిచిన వ్యాసాల్లోనే ఆమె ‘చేదు’నీ, ‘కోపాన్నీ’ వేరే పేరాలో ముసలితనపు చాదస్తంలా చెప్పి ముగిస్తారు. ఈ బిరుదు ఏ పని చేస్తోందో చూడాలన్నదే నా ప్రయత్నం.

ఆమె అసలు పేరు సాదియా. 1923లో సీదీ బెల్ అబ్బేస్ పట్టణానికి దగ్గర్లోని తెస్సాలాలో పుట్టింది. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోయారు. ఫ్రెంచి వాళ్ల ఇళ్లలో పనిచేసింది, పొలాల్లో పనిచేసింది, పదిహేనేళ్ల వయసులో ఊరూరా తిరిగే పాటగాళ్ల మేళంతో వెళ్లిపోయింది. చదవడం రాయడం రాదు. తనకి చదువు చెప్పింది కష్టాలేనని ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. 1940లలో ఆ ప్రాంతాన్ని కరువూ, అంటురోగాలూ ఊడ్చిపెట్టిన రోజుల్లో పాటలు కట్టడం మొదలుపెట్టింది. (కామూ ‘ప్లేగు’ నవల 1947లో వచ్చింది. కథ జరిగేది ఒరాన్‌లోనే. ఆ నవలలో అరబ్బులు దాదాపు కనబడరు. అదే ఒరాన్ చుట్టుపక్కల, అదే దశాబ్దంలో, ఒక అరబ్బు పనిమనిషి రోగాల మీద పాటలు కడుతోంది. సాహిత్య విద్యార్థులకి ఈ రెండూ కలిపి పాఠం చెబితే బాగుంటుందని నాకు చాలాసార్లు అనిపించింది.)

రిమిత్తీ అన్న పేరు ఒక సారా దుకాణంలో పుట్టింది. చుట్టూ చేరిన అభిమానులకి మరో విడత పొయ్యమని చెప్పాలి, ఫ్రెంచి రాదు. తెలిసిన ఒక్క ముక్క ‘రెమెత్తే’, అంటే మళ్లీ పొయ్యి అని. దాన్నే పదేపదే అనేసరికి జనం అదే పేరు పెట్టేశారు. ఆమె కాదనలేదు. వలస పాలకుడి భాష నుంచి విరిచి తీసుకున్న ఒక్క ముక్క, అదీ మద్యం ముక్క, అరబీ నోట నలిగి ఒక కళాకారిణి పేరైంది. 1952లో పాథే కంపెనీకి మొదటి రికార్డు ఇచ్చింది. 1954లో వచ్చిన ‘షర్రక్ గత్తా’ పాట ఆమెను ఒకేసారి ప్రసిద్ధురాల్నీ, అపఖ్యాతి పాలైనదాన్నీ చేసింది. చింపడం, చీల్చడం అన్న అర్థాలున్న ఆ పేరుని జనం కన్యాత్వపు పూజ మీద విసిరిన రాయిగా విన్నారు. అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధం మొదలైనదీ ఆ సంవత్సరమే.

నాకు అరబీ రాదు. ఆమె మాటల్ని అనువాదాల్లోంచి, పరిశోధకుల వివరణల్లోంచి చదువుకున్నాను. కాని గొంతుకి అనువాదం అక్కర్లేదు. రెండు గస్బా వేణువులు, ఒక గెల్లాల్ డోలు, అంతే వాద్యాలు. గస్బా మన మురళిలా తీయగా పలకదు. గాలి రాపిడి వినబడుతుంది, ఎండిన రెల్లు శబ్దం వినబడుతుంది. ఆ గాలి మీద ఆమె గొంతు బొంగురుగా, బరువుగా, దాదాపు మగగొంతులా నడుస్తుంది. ఆడగొంతు తీయగా, సన్నగా, పైస్థాయిలో ఉండాలని మన సినిమా సంగీతం దశాబ్దాల పాటు చెవులకి నేర్పిన పాఠం ఇక్కడ పనిచేయదు. ఆమె వినేవాళ్లని బుజ్జగించదు. ముసలి మొగుడి గురించి, పడుచువాడి ఒంటి గురించి, తాగుడు గురించి, వలస పోవడం గురించి చెబుతుంది, అంతే.

ఇప్పుడు బిరుదుల సంగతికి వస్తాను. షేఖ్ అంటే పెద్ద, గురువు. ఒరాన్ ప్రాంతంలో మెల్హూన్ కవిత్వాన్ని కంఠస్థం చేసి పాడే పురుషుల్ని షేఖులంటారు. వాళ్లది నిలకడైన పద్యం, గురుశిష్య పరంపర, సభల్లో మర్యాద. అదే మాటకి స్త్రీలింగం షేఖా. అర్థం మాత్రం తారుమారైపోతుంది. షేఖా అంటే మగవాళ్ల మధ్య పాడే ఆడది, మర్యాదస్తుల ఇంట్లోకి రానివ్వకూడనిది. ఒకే బిరుదు మగవాడికి విద్యనీ, ఆడదానికి నడతనీ సూచించడం మనకి కొత్త కాదు. షేఖాలతో పాటు మెద్దాహాత్‌లు అని ఇంకో జట్టు ఉండేది. పెళ్లిళ్లలో, సున్తీ వేడుకల్లో ఆడవాళ్ల కోసమే పాడేవారు. ప్రవక్త స్తుతితో, పీర్ల స్తుతితో మొదలుపెట్టి, రాత్రి ముదిరేకొద్దీ సరసానికి దిగేవారు. భక్తి నుంచి బూతు దాకా ఆ ప్రయాణం ఒకే గుంపులో, ఒకే రాత్రిలో సాగేది. వియ్యపురాలి పాటలు విన్నవాళ్లకి దీన్ని ఊహించుకోవడం కష్టం కాదు. పాప్ రాయ్ వాడుకున్న చాలా పల్లవులు, చాలా తాళాలు ఈ ఆడవాళ్ల గదుల్లోంచే వచ్చాయి.

క్యాసెట్ల కాలంలో జరిగిన ఒక పని నన్ను ఇంకా వదలదు. షేఖాల క్యాసెట్ల అట్టల మీద వాళ్ల ఫొటోలు వేసేవారు కాదు. ఎవరో అందమైన అమ్మాయి బొమ్మ వేసేవారు. పాడిన మనిషి పరువు కోసమని కొందరంటారు, అమ్మకాల కోసమని కొందరంటారు. రెండూ నిజం కావచ్చు. గొంతు అమ్ముడుపోయింది, ముఖం మాత్రం వేరొకరిది.

1962లో స్వాతంత్ర్యం వచ్చాక కొత్త ప్రభుత్వం రిమిత్తీ పాటల్ని రేడియోకి, టెలివిజన్‌కి దూరం పెట్టింది. జాతి నిర్మాణానికి అండలూసియా శాస్త్రీయ సంగీతం కావాలి, వీరగాథలు కావాలి. తాగుబోతు షేఖా ఎందుకు? ఆమెది వలస కాలపు చెడు వాసన అన్నారు. ఇక్కడ ముద్దుపళని గుర్తురాకుండా ఉండదు. ‘రాధికా సాంత్వనం’ సిగ్గు విడిచిన కావ్యమని కందుకూరి వీరేశలింగం తీర్పు ఇచ్చారు. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పూర్తిగా అచ్చువేస్తే, 1911లో ప్రభుత్వం ప్రతుల్ని జప్తు చేయించింది. అయితే ఈ పోలికని మరీ సాగదీయడం నాకిష్టం లేదు. ఇక్కడ నిషేధించింది పరాయి ప్రభుత్వం, అందుకు భాష సమకూర్చినవాళ్లు మన సంస్కర్తలు. అక్కడ రక్తం ధారపోసి తెచ్చుకున్న సొంత ప్రభుత్వమే ఆ పని చేసింది. ఒకామె ఆస్థాన కవయిత్రి, ఇంకొకామె అక్షరం రాని పనిమనిషి. వర్గం వేరు, విద్య వేరు. ఇద్దరి విషయంలోనూ జాతి గౌరవం ఆడదాని నోటి మీద ఆధారపడి ఉందన్న నమ్మకం మాత్రం ఒకటే.

1970ల చివర్లో రిమిత్తీ పారిస్ చేరింది, వలస కూలీల కేఫుల్లో పాడింది. అల్జీరియాలో అప్పుడే పాట వేషం మారుస్తోంది. గస్బా బదులు ట్రంపెట్, అకార్డియన్, తర్వాత సింథసైజర్, డ్రమ్ మిషన్. షేఖ్, షేఖా పోయి ‘షెబ్’, ‘షెబ్బా’ వచ్చారు. అంటే యువకుడు, యువతి. పేరులోనే వయసు పెట్టుకున్న ప్రక్రియ ఇది. అందులో ముసలివాళ్లు ఇక ‘మూలాలు’ మాత్రమే కాగలరు. 1985లో ఒరాన్‌లో ప్రభుత్వ అనుమతితో రాయ్ ఉత్సవం జరిగింది, 1986లో పారిస్ శివారు బొబిన్యీలో జరిగింది. 1987 వేసవిలో లండన్‌లోని ఒక పబ్‌లో కొన్ని రికార్డు కంపెనీల వాళ్లు కూర్చుని, దుకాణంలో ఏ అరలో పెట్టాలో తెలియని ఈ రకం రికార్డులన్నిటికీ ‘వరల్డ్ మ్యూజిక్’ అని పేరు పెట్టుకున్నారు. 1992లో ఖాలెద్ ‘దీదీ’ ప్రపంచమంతా మోగింది, మన దేశంతో సహా. పాట బాగుంటుంది, నాకూ ఇష్టమే. 1994లో మతోన్మాదులు ఒరాన్‌లో షెబ్ హస్నీని కాల్చి చంపారు. రాయ్ పాడడం మగవాళ్లకి కూడా తేలికైన పనేం కాదని మరిచిపోకూడదు.

యువ గాయకులు నా పాటలు తీసుకున్నారు, పేరూ ఇవ్వలేదు, డబ్బూ ఇవ్వలేదు: ఇది రిమిత్తీ ఫిర్యాదు. దీనికి వచ్చే జవాబు బలమైనదే. మౌఖిక సంప్రదాయంలో పల్లవులు ఎవరి సొత్తూ కావు. ఒక షేఖా నోటి చరణం రేపు ఇంకొకరి నోట ఉంటుంది. రిమిత్తీ కూడా ఎన్నో పాత ముక్కలు అందిపుచ్చుకుంది. మరి ఆమెకి సొంతదారు హక్కు ఎక్కడిది? జానపద సాహిత్యం మీద పనిచేసే మనలో చాలామంది ఈ జవాబే చెబుతాం, అదీ నిజాయితీగానే.

కాని ఈ వాదం ఎవరి మీద ప్రయోగిస్తున్నామో చూడండి. ఉమ్మడి సొత్తు అన్న మాట పాట సారా దుకాణంలో ఉన్నంత కాలం నిజం. అది స్టూడియోకి వెళ్లి, కాగితం మీద ఒక రచయిత పేరుతో నమోదై, రాయల్టీలు పుట్టించడం మొదలుపెట్టాక ఉమ్మడి అన్న మాట ఒకవైపే పనిచేస్తుంది. తీసుకునేవాడికి పాట ఉమ్మడి, తీసుకున్నాక అతని సొంతం. సంతకం చేయగలిగినవాడు రచయిత అవుతాడు, చేయలేనిది సంప్రదాయం అవుతుంది. ఎవరో ఒక గాయకుడి దురుద్దేశంగా దీన్ని కొట్టిపారేయలేం. కర్తృత్వాన్ని కాగితంతో కొలిచే ఏర్పాటు ఇలాగే నడుస్తుంది. ‘తల్లి’ బిరుదు ఆ ఏర్పాటుకి పూసిన తేనె. రెండు వందలకి పైగా పాటలు కట్టిందని చెప్పే మనిషిని రచయిత అనడానికి నోరు రాకపోతే, తల్లి అనడానికి మాత్రం ఎలా వస్తుంది?

ఏంజెలా డేవిస్ 1998లో మా రెయినీ, బెస్సీ స్మిత్, బిల్లీ హాలిడేల మీద రాసిన పుస్తకం ఈ దారిలో నాకు చాలా ఉపయోగపడింది. బ్లూస్ రికార్డుల వ్యాపారాన్ని 1920లో మొదలుపెట్టింది మేమీ స్మిత్ పాడిన పాట. ఆ దశాబ్దమంతా ఆడవాళ్లే ఏలారు. తర్వాత వచ్చిన రికార్డు సేకర్తలకి గిటారుతో ఒంటరిగా పాడే పల్లెటూరి మగవాడు ‘అసలు బ్లూస్’ అయ్యాడు. స్టేజీ మీద బృందంతో పాడిన ఆడవాళ్లది కల్తీ అయింది. ప్రక్రియకి హద్దులు గీయడం కూడా విమర్శే. గీసేవాళ్లు తమ అభిరుచిని చరిత్రగా చెబుతారు.

స్త్రీవాదులం మనం కూడా ఆమెను తొందరపడి సొంతం చేసుకుంటామేమోనని నాకు అనుమానం. 1970లలో హజ్ యాత్ర చేసి వచ్చాక ఆమె తాగుడూ, పొగా మానేసింది. పాటలు మాత్రం మానలేదు, ఆ పాటలు అవే. తిరుగుబాటుదారుని వెతికేవాళ్లకి హజ్ అడ్డొస్తుంది, భక్తురాలిని వెతికేవాళ్లకి పాటలు అడ్డొస్తాయి. మెద్దాహాత్‌ల రాత్రిని గుర్తుచేసుకుంటే ఇందులో వైరుధ్యమేమీ కనిపించదు. ఆమె స్త్రీవాదినని చెప్పుకోలేదు. ఆ ముద్ర మనం వేస్తే మన క్యాసెట్ అట్ట మీద మనకి నచ్చిన బొమ్మ వేసుకోవడమే అవుతుంది.

1994లో వచ్చిన ‘సీదీ మన్సూర్’ ఆల్బంలో రాబర్ట్ ఫ్రిప్ గిటారూ, ఫ్లీ బేసూ ఆమె గొంతు చుట్టూ చేరాయి. పాశ్చాత్య విమర్శకులు దాన్ని ఆమె ‘ఆధునికత’గా మెచ్చుకున్నారు. నాకు ఆ రికార్డులో నచ్చింది వేరే. చుట్టూ అంత రొద జరుగుతున్నా ఆమె నడక వేగం మార్చదు. వాళ్లే ఆమె కోసం ఆగాల్సి వస్తుంది. 2005 నాటి ‘న్తా గుద్దామీ’ ఇంకా బాగుంటుంది. పాప్ రాయ్ పుట్టి పెరిగిన ఒరాన్‌కి తిరిగి వెళ్లి, అక్కడి స్టూడియోలో, పిల్లలు తన దగ్గర్నుంచి తీసుకుని మార్చుకున్న వాద్యాలతోనే పాడింది. అప్పటికి ఆమెకి ఎనభై దాటాయి. తిరిగి తీసుకోవడం అంటే అలా ఉంటుంది. 2006 మే 15న పారిస్‌లో చనిపోయింది. రెండు రోజుల ముందే జెనిత్ హాలులో పెద్ద కచేరీలో పాడింది. ఆ వేదిక మీద ఖాలెద్ కూడా ఉన్నాడు.

2020లో గ్రామీ వాళ్లు ‘వరల్డ్ మ్యూజిక్’ విభాగం పేరుని ‘గ్లోబల్ మ్యూజిక్’ అని మార్చారు. దాని గురించి రాయడానికి నాకు పెద్దగా ఏమీ లేదు. నా ఆసక్తి రికార్డు అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉండే ‘సంప్రదాయ గీతం’ అన్న ముక్క మీద. మన స్త్రీల పాటల సంకలనాలు ఒకసారి తీసి చూడండి. అట్ట మీద సేకర్త పేరు ఉంటుంది. లోపల పాట కింద, ఉంటే, ఊరి పేరు ఉంటుంది. పాడినామె గురించి ముందుమాటలో ‘ఒక వృద్ధురాలు’ అని ఉంటుంది.