చీకో నుంచి బయల్దేరిన బీరు

పొద్దున దించిన కల్లు సాయంత్రానికి మరో రుచికి తిరుగుతుందని మనవాళ్లకు తెలుసు. హాప్స్ పూల వాసన మీద బతికే బీరుకూ అదే భయం, కాకపోతే దాని గడువు వారాల్లో ఉంటుంది. గాలి, వేడి, వెలుతురు దానికి పడవు. అందుకే పుట్టిన ఊరు దాటించి కూడా దాని రుచి నిలబెట్టేవాళ్లంటే నాకు ఎనలేని గౌరవం.

కాలిఫోర్నియాలోని చీకో పట్టణంలో కెన్ గ్రాస్‌మన్ పాత డెయిరీ సామాను ఏరి తెచ్చుకుని, 1980లో సియెర్రా నెవాడా బీరు తయారీ మొదలుపెట్టాడు. ఆయన చేసే పేల్ ఏల్ అనే బీరు సీసాలో కొంత ఈస్టు మిగిలే ఉంటుంది. లోపల చిక్కుకున్న ఆక్సిజన్‌ను అదే లాగేసుకుంటుంది. చేత్తో తిప్పి తీసే మూతలు గాలిని సరిగా ఆపడం లేదని ఓపెనర్‌తో తీసే మూతలకు మారారు. కొనేవాడికి కాస్త ఇబ్బందే, బీరుకు మాత్రం మేలు. 2014లో ఏకంగా నార్త్ కరోలినాలోని మిల్స్ రివర్‌లో రెండో బ్రూవరీ తెరిచారు. అమెరికా తూర్పు తీరంవాళ్లకు తూర్పునే తయారుచేసి ఇవ్వడం! ఎంత ఖర్చుకు ఓర్చిన నిర్ణయమో.

ఈ ఘనతలో సగం పేరు తెలియని చేతులది. చల్లటి గోదాములో బీరు పీపాలు దించేవాడు, అరల్లో తేదీలు చూసి పాత సరుకు తీసేసేవాడు, బార్లలో ట్యాపు గొట్టాలను రెండు వారాలకోసారి కడిగేవాడు, వీళ్లలో ఏ ఒక్కరు ఏమరినా తయారుచేసినవాడి పనితనం గ్లాసు దాకా రాదు.

అలాంటి సీసా ఎక్కడ కొన్నా ముందు దానిమీది తేదీ చూడండి. ఎండ తగిలే అరలోది వదిలేసి, ఫ్రిజ్‌లోది అడగండి.