ఆర్తనాదమునకు చిరునామా

2004 డిసెంబరు 26వ తేదీన సునామీ విరుచుకుపడిననాడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థవారి బృందము దైవికముగా పోర్ట్ బ్లెయిరులోనే యుండుటచే, టెలిఫోనులు మూగవోయినను, అండమాను వార్తలు హామ్ రేడియో కంఠమున ప్రధాన భూభాగమునకు చేరగలిగెను. అయినను కంఠధ్వనికి సహజమైన లోపమొకటి కలదు. గాయపడి మాటాడలేనివారును, మాటాడగలిగియు తామున్న చోటు పేరెరుగనివారును, ఎంత మంచి సెట్టు చేతనుండియు తమ్ము వెదకవచ్చువారికి దారి చూపజాలరు. ఈ లోపమును పూరించునదే ఏ.పి.ఆర్.ఎస్. అని హామ్‌లు పిలుచు స్థానసూచక పద్ధతి.

అమెరికా దేశస్థుడగు బాబ్ బ్రునింగా, నూరుమైళ్ల గుర్రపు పందెమున ఏ గుర్రమెచ్చట నున్నదో తెలుపుటకై 1984లో వి.ఐ.సి.-20 అను చిన్న కంప్యూటరుపై చేసిన ప్రయత్నమే, 1990 దశకమున జి.పి.ఎస్. తోడుపడగా నేటి రూపమును దాల్చినది. జనులు దీనిని బండ్ల జాడ తీయు సాధనముగా మాత్రమే యెంచుటను ఆయన పలుమార్లు ఖండించెను. ఒక ప్రాంతమువారెల్లరు ఎవరెచ్చట నేమి చేయుచున్నారో పరస్పరము తెలిసికొనుటయే ఆయన యుద్దేశము.

సెట్టులోని జి.పి.ఎస్. తెలిపిన అక్షాంశ రేఖాంశములు, యజమాని పిలుపు సంకేతముతో కూడ, సెకనుకు 1200 బిట్ల వేగమున చిన్న ప్యాకెట్టుగా వెలువడును. ఉత్తర అమెరికాలో నందరును 144.390 మెగాహెర్ట్జ్ అను నొక్క పౌనఃపున్యముననే పలుకుదురు గావున, కొండకొమ్ముపైని డిజిపీటరు దానిని విని మరల పలుకగా, లోయలోనివాని యునికి దూరపు పట్టణమునందలి పటముపై బొట్టువలె పొడసూపును. ఇచ్చట మితభాషిత్వమే విద్య. డిజిపీటరు ఒకమారు మరల పలుకుట ఒక గంతు. రెండు గంతులు కోరినవాని ప్యాకెట్టు సాధారణముగా చాలినంత దూరము పోవును. ఏడు కోరినవాడు తన ప్రతిధ్వనులతో మార్గమునంతయు నింపి, ప్రక్కవాని మొరను కప్పివేయును. కదలనివారు అరగంటకొకమారు పలికిన చాలును.

అన్నిటికంటె ముచ్చటైనది మైక్-ఇ అను సంక్షిప్త లిపి. ప్యాకెట్టున గమ్యస్థానపు పేరుండవలసిన గడిలో అక్షాంశమును పొదిగి, ఆ అక్షరములలోనే మరి మూడు బిట్లను దాచుట దీని చమత్కారము. మూడు బిట్లకు ఎనిమిది స్థితులు. ‘మార్గమధ్యమున నున్నాను’, ‘తిరిగి వచ్చుచున్నాను’ వంటివి ఏడు కాగా, మూడును సున్నలైనచో ‘ఆపద’ యని యర్థము. దీనిని అందుకొన్నంతనే కొన్ని కెన్‌వుడ్ సెట్లు కూతపెట్టి హెచ్చరించును. పొరపాటున ఆ స్థితియందే సెట్టును విడిచి, ఏ బాధయు లేనివాడు ఊరివారిని కలవరపెట్టుటకును వీలున్నది. కావున విన్నవాడు తొలుత ఆ పిలుపు సంకేతమునకు సందేశమంపి విచారించుట మర్యాద.

నా మట్టుకు, ఈ ఆపద్ధ్వనికన్న దానికి ముందు గంటలలో పటముపై పడిన చుక్కల వరుసయే విలువైనదిగా తోచును. బ్యాటరీ అడుగంటి సెట్టు మూగవోయినను, మనిషి ఏ కనుమ దాటెనో, ఏ వాగు వెంబడి మరలెనో ఆ చుక్కలు చెప్పును. వెదకువారు పర్వతమంతయు గాలింపనక్కరలేదు. ఆపద వచ్చిన పిమ్మట యంత్రము తెరచువానికి ఈ లాభము లేదు.

స్థానమును తెలుపు ప్యాకెట్టునకు ‘అందినది’ యను బదులు రాదు. వ్యక్తికి పంపిన సందేశమునకు మాత్రమే వచ్చును. ఆ బదులు రానంతవరకు తన గోడు ఎవరైన వినిరో లేదో ఆపన్నునకు తెలియదు. డిజిపీటరు లేని యడవులకు ఆకాశమే దిక్కని, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమున 145.825 మెగాహెర్ట్జ్‌పై నొక పునఃప్రసారకమును నడుపుచున్నారు. 2019 ఏప్రిల్ 1న శ్రీహరికోటనుండి యెగసిన పి.ఎస్.ఎల్.వి.-సి45 నాల్గవ దశయందును ఆమ్‌శాట్ ఇండియావారిట్టిదానినే అమర్చిరి. కాని అట్టివి తలపైనుండునది కొద్ది నిమిషములే. రేయింబవళ్లు వినుటకు బాధ్యులైన కార్యాలయములు గలది కాస్పస్-సార్శాట్ వారి 406 మెగాహెర్ట్జ్ బీకను. కొండలకు పోవు హామ్ దానినిగూడ సంచిలో నుంచుకొనుట యుక్తము, ఆ బీకను తన్ను రక్షించువారిని పిలుచును, ఈ హామ్ సెట్టు వారు వచ్చులోపల వినగలవారితో మాటాడును.